వర్జ్యం లోపు బిగించిన బోల్టులు

పెదపారుపూడి స్కూలు హెడ్మాస్టరు పట్టాభిరామయ్యకు కారు ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఆ రోజుల్లోనూ పొరుగూరివాళ్ళు నమ్మలేదు, ఎందుకంటే అది ఎక్కువ కాలం పశువుల పాకలోనే ఉండేది. కారు రావడంలో ఆయన ప్రయోజకత్వమేమీ లేదు. ఆయన భార్య లలితకు బెజవాడలో పిల్లాజెల్లా లేని మేనమామ ఒకాయన ఉండేవాడు. పేరున్న ప్లీడరు. ఆయన పోతూ పోతూ ఇంటిని సత్రానికి రాశాడు, పుస్తకాలను తోటి ప్లీడర్లకు రాశాడు. కారు సత్రానికీ అక్కర్లేదు, ప్లీడర్లకూ అక్కర్లేదు. కనుక మేనకోడలికి వచ్చింది.

వచ్చిన కారును పట్టాభిరామయ్య భక్తిగా చూసుకున్నాడు. సైన్సు పాఠాలు చెప్పి చెప్పి, యంత్రమన్నాక విప్పితే అర్థమవుతుందని ఆయనకు గట్టి నమ్మకం ఉండేది. ఈ నమ్మకం వల్ల రెండుసార్లు వేళ్ళు నలిగాయి. అయినా సడలలేదు. నల్లరేగడి బాటలమీద ఆ కారుకు త్వరగా అరిగిపోయేవి కమాను బుష్షులు. కారు కింద చక్రాల దగ్గర, బరువును మోసే ఉక్కుబద్దల కమానులుంటాయి. ప్రతి కమాను కొసా గుండ్రంగా చుట్టుకుని కన్నంలా ఉంటుంది. ఆ కన్నంలో రబ్బరు బుష్షు, బుష్షు నడుమ ఇనప గొట్టం, గొట్టంలోంచి బోల్టు. రోడ్డు దెబ్బను కమాను కొంత మింగుతుంది, రబ్బరు కొంత మింగుతుంది. రబ్బరు పోయిందంటే ఆ కాస్తా కూర్చున్నవాళ్ళే మింగాలి.

కారు వచ్చిన ఏడు దసరాకు ఆయన మద్రాసు నుంచి కొత్త బుష్షులు తెప్పించి వేశాడు. ఎండాకాలం రాకముందే అవి పీలికలయ్యాయి. రబ్బరు మంచిది కాదనుకున్నాడు. తర్వాత రోడ్డు మంచిది కాదనుకున్నాడు. తను మంచివాడు కాదేమోనన్న అనుమానం మాత్రం అప్పట్లో కలగలేదు.

ఆ కారుతో నిజమైన అవసరం పడింది బహుధాన్య సంవత్సరంలో. ఆయన తల్లి కామేశ్వరమ్మకు రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మాయి. కుడికంటి కథ ముందటేడు, కారు రాకముందే ముగిసింది. బందరులో ఆపరేషన్ శుభ్రంగా జరిగింది. కట్టు విప్పి డాక్టరు వేళ్ళు చూపిస్తే ఆవిడ తడుముకోకుండా లెక్కపెట్టింది. ఇంటికి పంపుతూ డాక్టరు చెప్పింది ఒక్కటే మాట, కుదుపు తగలనీయకండి అని. గుడివాడ దాకా రైల్లో బాగానే వచ్చారు. అక్కడ బండి ఎక్కాక కామేశ్వరమ్మకు గుర్తొచ్చింది, సాయంత్రం వర్జ్యం ఉందని. ఆ చెడు గడియలు మొదలుకాకముందే సొంత గడప తొక్కాలని పట్టుబట్టింది. "తోలవయ్యా, తోలు" అని దారి పొడుగునా బండివాణ్ణి నిలవనీయలేదు. వాడు ఎడ్ల తోకలు మెలిపెట్టాడు. ఎండి గట్టిపడ్డ బండిచాళ్ళలో చక్రాలు ఎగిరెగిరి పడ్డాయి. ఇంత చేసీ ఊళ్ళోకి వచ్చేసరికి వర్జ్యం రానే వచ్చింది. ఆ రాత్రే కన్ను నొప్పి మొదలై, నెల తిరక్కుండా ఆ కన్ను చీకటైపోయింది.

కామేశ్వరమ్మ లెక్కలో ఆ కన్ను వర్జ్యంలో పోయింది. పట్టాభిరామయ్య లెక్కలో తొందరలో పోయింది. ఆ మాట ఆయన తల్లితో ఎన్నడూ అనలేదు. తోలమన్నది ఆవిడే అయినా, పక్కనే కూర్చుని మెల్లిగా పోనీయమని అననిది తను. అది తలుచుకున్నప్పుడల్లా ఆయనకు తనమీదే అసహ్యం వేసేది. అందుకే ఆ తర్వాత ఆవిడ ఏ మంచి గడియ గురించి ఏమడిగినా ఆయన వాదించడం మానేశాడు.

ఇప్పుడు ఎడమకన్ను కూడా మసకబారింది. మనిషిని గొంతును బట్టి తప్ప పోల్చుకోలేని స్థితి. ఆపరేషన్ అంటే ఆవిడ మొదట చెవిన పెట్టలేదు.

"ఉన్న ఒక్కటీ పోగొట్టుకోమంటావా? వెలుగూ నీడా అయినా తెలుస్తున్నాయి. ఇది చాల్లే నాకు."

"ఈసారి బండి ఉండదు అత్తయ్యగారూ. కారులో తీసుకొస్తారు" అంది లలిత.

"ఆ కారా? అందులో మొన్న గుడివాడ వెళ్ళొస్తే నా నడుం వారం రోజులు నాది కాకుండా పోయింది."

"కొత్త బుష్షులు వేస్తానమ్మా" అన్నాడు పట్టాభిరామయ్య. "నీళ్ళచెంబు ఒళ్ళో పెట్టుకున్నా తొణక్కుండా తీసుకొస్తాను."

కామేశ్వరమ్మ చివరికి ఒప్పుకుంది కానీ ఊరికే ఒప్పుకోలేదు. ప్రయాణాలన్నీ మంచి గడియల్లో జరగాలంది. కారు బాగుచేసే పని కూడా మంచి గడియలోనే మొదలై వర్జ్యం రాకముందు ముగియాలంది. కళ్ళున్నప్పుడు పంచాంగం ఆవిడే చదువుకునేది. ఇప్పుడు పక్కింటి శోభనాద్రి వచ్చి చదువుతున్నాడు. దూరపు వరసన మరిది అవుతాడు. పంచాంగం చూడటం ఆయనకు వృత్తి కాదు, వ్యసనం. వక్కపొడి వేసుకోవడానికి కూడా తిథి చూస్తాడని ఊళ్ళో అనుకునేవారు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం ఆయన పెట్టిన ముహూర్తానికి పట్టాభిరామయ్య కారు కింద దూరాడు. జాకీతో ఒక్కో మూలా లేపి, కారు చట్రం కింద తాటిదుంగలు పేర్చాడు. చక్రాలు నేలకు ఆనకుండా వేలాడాయి. గోచీ బిగించి, తలకు తువ్వాలు చుట్టి వెల్లకిలా పడుకున్న హెడ్మాస్టరును చూడటానికి ఆ రోజు పనిలేని వాళ్ళంతా వచ్చారు. పనున్న వాళ్ళు కొందరు కూడా వచ్చారు. కామేశ్వరమ్మ అరుగుమీద కూర్చుని చప్పుళ్ళను బట్టి పని ఎంతదాకా వచ్చిందో కనుక్కుంటోంది. శోభనాద్రి ఆవిడకు ఎదురుగా పంచాంగం తెరిచి పెట్టుకున్నాడు.

పాత బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి, నానబెట్టి, సుత్తితో మెల్లిగా తట్టి వాటిని ఊడబీకాడు. చిరిగిపోయిన బుష్షులు ఇంకా మొండి. కమాను కన్నానికి అంటుకుపోయి రానన్నాయి. కుంపట్లో ఎర్రగా కాల్చిన కడ్డీ దూర్చి రబ్బరును మాడ్చాల్సొచ్చింది. వీధంతా కంపు కొట్టి చూడవచ్చినవాళ్ళు సగం మంది వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొత్త బుష్షును కన్నం ముందు పెట్టి, అవతలివైపు పొట్టి గొట్టం ముక్క ఆనించి, రెంటిలోంచీ పొడుగు బోల్టు ఒకటి దూర్చి నట్టు తిప్పుతూ పోయాడు. నట్టు బిగిసేకొద్దీ బుష్షు కన్నంలోకి జరగాలి. సగం జరిగి మొరాయించింది.

"కాస్త ఆముదం రాయరా, అదే పోతుంది" అంది అరుగుమీంచి కామేశ్వరమ్మ.

"రబ్బరుకు నూనె తగలకూడదమ్మా."

"ఆముదం తగలకూడని వస్తువు నా ఎరుకలో లేదు. పుట్టిన పిల్లకే రాస్తామే."

పట్టాభిరామయ్య లలితను అడిగి కుంకుడుకాయ రసం తెప్పించాడు. అది రాయగానే బుష్షు మర్యాదగా లోపలికి వెళ్ళింది. పెళ్ళాం తలంటుకోసం చేసుకున్న రసమంతా కారు కిందే అయిపోయింది. లలిత ఏమీ అనలేదు కానీ అనకపోవడంలోనే కొంత అంది.

మధ్యాహ్నానికి బుష్షులన్నీ కూర్చున్నాయి. ఆయన బోల్టులు దూర్చి, నట్లు చేత్తో తిప్పగలిగినంత తిప్పి బయటకు వచ్చాడు. ఆకలి కడుపులో గంతులు వేస్తోంది.

"ఏమోయ్, పూర్తయిందా?" అన్నాడు శోభనాద్రి.

"అయినట్టే బాబాయ్. భోంచేసొచ్చి, కారును దుంగలమీంచి దించి, నట్లు తీరిగ్గా బిగిస్తాను."

శోభనాద్రి పంచాంగం మీద వేలుంచి తలెత్తాడు. "ఇంకో అరగంటలో వర్జ్యం వస్తోంది."

"అయితే?"

"దించడం సాయంత్రమైనా ఫరవాలేదు. దించడమంటే పని కాదు. బిగింపు పని. బిగింపు వర్జ్యంలో పడితే పనంతా వర్జ్యంలో పడ్డట్టే."

"బిగించెయ్యి నాయనా" అంది కామేశ్వరమ్మ. గొంతులో ఆజ్ఞ లేదు, భయం ఉంది. "ఆ నాలుగు మరలూ తిప్పేసి అన్నానికి రా."

కిందటేడు దసరాకూ ఇలాగే జరిగింది. అప్పుడు పూజ వేళయిందని తొందరపెట్టారు. అప్పుడూ ఆయన దుంగలమీదే బిగించాడు. ఇప్పుడు మళ్ళీ కారు కింద దూరి, స్పానరుకు గొట్టం తగిలించి, బలమంతా పెట్టి ఒక్కో నట్టూ బిగించాడు. బిగించినచోటల్లా సున్నంతో గొట్టం అంచు నుంచి రబ్బరు మీదుగా కమాను దాకా ఒక గీత గీశాడు. ముందుముందు ఏదైనా కదిలితే గీత చెబుతుందని. శోభనాద్రి గడియారం చూసి తల పంకించాడు. కామేశ్వరమ్మ ముఖంలో చాన్నాళ్ళకు నిశ్చింత కనిపించింది. అది చూసి పట్టాభిరామయ్యకు పోనీలే అనిపించింది.

సాయంత్రం కారును దించితే ముక్కు కొంచెం పైకెత్తుకుని నిలబడింది. కొత్త బుష్షులు కదా, బిగువుగా ఉన్నాయనుకున్నాడు.

బందరు ప్రయాణం మంచి గడియలోనే జరిగింది. కారు కాస్త బిర్రుగా నడిచింది కానీ వెళ్ళేటప్పుడు కుదుపుతో నష్టం లేదు. ఆపరేషన్ చక్కగా అయింది. కామేశ్వరమ్మ రెండు కళ్ళకూ కట్టుతో, తలకు అటూ ఇటూ ఇసక మూటలతో, కదలకుండా పడుకుంది. లలిత ఆవిడ దగ్గర ఉండిపోయింది. పట్టాభిరామయ్య ఊరికి తిరిగొచ్చి స్కూలు నడుపుకున్నాడు. ఆదివారాలు కారులో వెళ్ళి చూసొచ్చేవాడు. కట్టు మార్చేటప్పుడు డాక్టరు దీపం చూపించారనీ, ఎటువైపుందో అత్తయ్యగారు చెప్పారనీ లలిత చెప్పింది. ఆ మాట విని ఆయన ఆస్పత్రి వరండాలో కాసేపు ఒంటరిగా నిలబడ్డాడు. సంతోషంకన్నా భయం ఎక్కువ వేసింది. పోయిన కంటితోనూ ఆవిడ ఇలాగే చెప్పింది.

ఇంటికి పంపే రోజు భాద్రపదంలో ఒక శుక్రవారం. శోభనాద్రి పంచాంగం చూసి పన్నెండు లోపు ఎప్పుడు కదిలినా దివ్యంగా ఉంటుందన్నాడు. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా వర్జ్యం. పట్టాభిరామయ్య తెల్లవారగానే బయల్దేరి గుడివాడ, గుడ్లవల్లేరు దాటాడు. పెడన దగ్గరికి వచ్చేసరికి కారు కింద కీచుమంది. ఇంకొంత దూరం పోయాక చిన్న గుంటకే టక్కుమని దెబ్బ తగిలింది. ఆ చప్పుడు ఆయనకు తెలుసు. కిందటి బుష్షులు పోయేముందు ఇలాగే మొదలైంది.

ఆస్పత్రి ఆవరణలో కారు ఆపి, చొక్కా విప్పి సీటుమీద వేసి, దుమ్ములోనే కిందికి దూరాడు. బోల్టులన్నీ గట్టిగానే ఉన్నాయి. ఒక్క నట్టూ కదల్లేదు. కానీ సున్నం గీత తెగిపోయింది. ఒక ముక్క గొట్టం మీద, ఒక ముక్క కమాను మీద, రెంటికీ మధ్య బొటనవేలంత ఎడం. వాటి నడుమ రబ్బరు పిండిన తడిబట్టలా మెలిపడి ఉంది. అంచులో సన్నటి పగుళ్ళు.

ఆయన అలాగే పడుకుని చూస్తూ ఉండిపోయాడు. కారు దుంగలమీద ఉన్నప్పుడు కమానులు కిందికి వేలాడుతున్నాయి. అలా వేలాడుతుండగా గొట్టాన్ని బోల్టుతో బిగించేశాడు. దించగానే కారు బరువు పడి కమానులు పైకి లేచాయి. గొట్టం తిరగదు. కమాను తిరగక మానదు. మధ్యలో రబ్బరు మెలిపడింది. ఆ మెలికతోనే పాకలో రాత్రింబవళ్ళు నిలబడింది, ఆ మెలికతోనే గుంటల్లో పరిగెత్తింది. కారును నేలమీద తన బరువుతో తను నిలబెట్టి అప్పుడు బిగించి ఉంటే రబ్బరు హాయిగా ఉండేది. రెండు ఏళ్ళూ తను చేయబోయిందీ అదే. రెండుసార్లూ ముహూర్తం మించిపోతుందని ముందే బిగించాడు.

ఆయనకు కోపం వచ్చింది. శోభనాద్రి మీద వచ్చింది, పంచాంగం మీద వచ్చింది, అవి చాలక తనమీద వచ్చింది. మంచి గడియను అందుకోవడానికి బండివాడిచేత ఎడ్లను పరిగెత్తించారు, కన్ను పోయింది. మంచి గడియను అందుకోవడానికి బోల్టులు బిగించారు, ఇప్పుడు ఈ మెలికపడ్డ రబ్బరు మీద రెండో కంటిని తీసుకెళ్ళాలి. తెలిసి తెలిసి ఒకే తప్పు రెండుసార్లు చేసినవాణ్ణి స్కూల్లో అయితే ఆయన బెంచీ ఎక్కించేవాడు.

లలిత వచ్చి కారు పక్కన నిలబడింది. ఆయన పాదాలు మాత్రమే ఆవిడకు కనిపిస్తున్నాయి.

"ఏమండీ, అత్తయ్యగారు తయారుగా ఉన్నారు. డాక్టరుగారు కొత్త కట్టు కట్టారు. ఒక్క కుదుపు కూడా తగలకూడదని మళ్ళీ చెప్పారు. లోపల కుట్టు ఇంకా పచ్చిగానే ఉందట."

"కాసేపు ఆగాలి."

"ఎంతసేపు? పన్నెండు లోపు కదలాలని ఆవిడ ఇప్పటికి పదిసార్లు అడిగారు."

"బోల్టులు వదులు చేసి మళ్ళీ బిగించాలి లలితా. లేకపోతే కన్ను దక్కదు."

లలిత ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళింది.

ఇంటిదగ్గర దుంగలమీద చేసినంత సులువు కాదు నేలమీద. చెయ్యి ఆడే జాగా లేదు. స్పానరు సగం తిరిగితే చట్రానికి తగులుతుంది. తీసి, మళ్ళీ పట్టించి, మళ్ళీ సగం తిప్పాలి. ఒక్కో నట్టు వదులవుతున్నప్పుడు కమాను మూలిగి, రబ్బరు తన మెలిక తను విప్పుకుంటోంది. అన్నీ వదులయ్యాక బయటకు వచ్చి, ముందు చక్రాల మీది రేకు రెక్కల మీదా వెనకా తన బరువంతా వేసి కారును కిందికీ మీదికీ ఊపాడు. కారు ముక్కు దించుకుని సమంగా కూర్చుంది. ఆస్పత్రి జవాను ఒకడు చుట్ట కాలుస్తూ ఆయన కారుతో కుస్తీ పడుతుంటే చూస్తున్నాడు. ఆయన మళ్ళీ కిందికి వెళ్ళాడు.

బిగించడం మొదలుపెట్టాక ఎండ తగ్గింది. గాలి మారింది. తల బయటపెట్టి చూస్తే సముద్రం వైపు నుంచి మబ్బు లేస్తోంది. వాన పడితే గుడివాడ దాటాక ఉన్నదంతా నల్లరేగడి. తడిసిన రేగట్లో కారు ముందుకు పోదు, వెనక్కూ పోదు. చివరకు ఎడ్లను కట్టి లాగాలి, మళ్ళీ కుదుపులే. వర్జ్యం వెళ్ళేదాకా ఆగుదామన్న దారి కూడా మూసుకుపోయింది. వేళ్ళు చెక్కుకుపోతున్నా ఆయన స్పానరు వదల్లేదు. ఈసారి తొందరపడలేదు. ఒక్కో నట్టూ ఎంత బిగియాలో అంత బిగిసేదాకా దాన్ని దాటి పోలేదు.

చివరి నట్టు అయ్యాక చేతులు కడుక్కుని జేబుగడియారం చూసుకున్నాడు. పన్నెండుకు రెండు మూడు నిమిషాలే ఉంది. ఆవిణ్ణి లేపి, నడిపించి, కూర్చోబెట్టేసరికి ఎంత లేదన్నా పన్నెండు దాటుతుంది. హడావిడిగా లేపితే దాటకపోవచ్చు. హడావిడి అన్న మాట తోచగానే ఆయన గడియారం జేబులో పెట్టేశాడు.

కామేశ్వరమ్మ మంచంమీద కాళ్ళు కిందికి పెట్టుకుని కూర్చుని ఉంది. రెండు కళ్ళ మీదా తెల్లటి కట్టు. లలిత ఆవిడ చీర చెంగు సరిచేస్తోంది.

"వచ్చావా పట్టాభీ? ఎంతయింది?"

స్కూల్లో అబద్ధమాడిన పిల్లల చెవులు మెలిపెట్టే మనిషి ఆయన. కాస్త తడబడ్డాడు.

"పదకొండున్నర అయిందమ్మా. తొందరేం లేదు. మెల్లిగా లే."

లలిత ఆయన వంక చూసి తల దించుకుంది. ఆ సమయానికి వీధి చివర ట్రెజరీ దగ్గర కాపలావాడు గంట కొట్టడం మొదలుపెట్టాడు. బందరులో గంట కొట్టేవాళ్ళకు ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది, ఒక్కో దెబ్బా సాగదీసి, మోత పూర్తిగా ఆగాక మరొకటి కొట్టేవారు. ముగ్గురూ కదలకుండా విన్నారు. పట్టాభిరామయ్య పదకొండో దెబ్బ తర్వాత వాడు ఆపేయాలని కోరుకున్నాడు. వాడు ఆపలేదు.

"పన్నెండు కొట్టాడు" అంది కామేశ్వరమ్మ.

"అవునమ్మా."

"ఇందాకణ్ణుంచి కారు కింద ఏం చేస్తున్నావు? ఇక్కడికి చప్పుడు వినపడుతూనే ఉంది."

ఆయనకు ఇంక అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. మంచం పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పాడు. దుంగల సంగతి, మెలిక సంగతి, గీత తెగిన సంగతి. ఇప్పుడు సరిచేశానన్నాడు. ఆగుదామంటే వాన వచ్చేలా ఉందన్నాడు. బండిలో జరిగిన సంగతి మాత్రం ఎత్తలేదు.

కామేశ్వరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. ఆ కట్టు వెనక ఆవిడ ఏమనుకుంటోందో ముఖం చూసి చెప్పడం కష్టం. ఆవిడ రానంటే ఎత్తుకెళ్ళే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు.

"ఇప్పుడు బాగా బిగించావా?" అని అడిగింది చివరికి.

"బిగించానమ్మా."

"ఎవరూ తొందరపెట్టలేదు కదా?"

"లేదు."

ఆవిడ చెయ్యి చాపింది. "అయితే పద."

వెనకసీట్లో లలిత ఒళ్ళో తలపెట్టి పడుకోబెట్టారు. పట్టాభిరామయ్య కారు కదిలించాడు. బందరు ఊరు దాటేదాకా ఊపిరి సరిగ్గా తీసుకోలేదు. మొదటి గుంట వచ్చినప్పుడు చక్రం దిగి లేచింది. కారు మెత్తగా ఊగి ఊరుకుంది. చప్పుడు లేదు. పెడన దాటారు. మబ్బు వెనకనుంచి తరుముతోంది. తెలియకుండానే ఆయన కాలు కాస్త గట్టిగా నొక్కింది.

"పట్టాభీ" అంది కామేశ్వరమ్మ వెనకనుంచి. "మెల్లిగా పోనీ నాయనా. ఎప్పటికి చేరితే అప్పటికే చేరదాం."

ముందటేడు బండిలో ఆయన ఎవరి నోటనైనా వినాలనుకున్న మాట అది. ఎవరూ అనలేదు, తనూ అనలేదు. ఇప్పుడు రోడ్డు కాసేపు మసకగా కనిపించింది. అద్దం మీద వాన ఇంకా పడలేదు. ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని వేగం తగ్గించాడు.

గుడివాడ దాటాక చినుకులు పడ్డాయి, బాట తడిసేలోపే ఊరు చేరారు. శోభనాద్రి వీధిలోనే కాసుకుని ఉన్నాడు. కారు తలుపు తెరుచుకోకముందే, "ఎన్నింటికి బయల్దేరారు వదినా?" అన్నాడు.

"కళ్ళకు గంతలు కట్టుకున్నదాన్ని, నన్నడుగుతావేం? కళ్ళజోడు వచ్చాక చెబుతాలే" అంది ఆవిడ.

పట్టాభిరామయ్య ఆ రాత్రి, ఆ మర్నాడు రాత్రి కూడా సరిగ్గా నిద్రపోలేదు. నొప్పి వస్తుందేమోనని చెవులు రిక్కించి పడుకున్నాడు. నొప్పి రాలేదు. కట్టు తీసి, వెలుగు గుచ్చుకోకుండా కంటి ముందు ఆకుపచ్చ గుడ్డ వేలాడదీశారు, తర్వాత అదీ తీసేశారు. అయినా ఆయన భయం పోలేదు. అద్దాలు లేకుండా ఆవిడకు మనుషులు మసక ఆకారాలే. ఆ మసక వెనక చూపుందో లేదో అద్దాలొస్తే తప్ప తేలదని డాక్టరు చెప్పారు.

బందరు నుంచి అద్దాలు కార్తీకమాసంలో వచ్చాయి. సీసా అడుగంత మందం. ఉదయం ఎండ అరుగుమీద పడుతున్న వేళ, శోభనాద్రి అలవాటు ప్రకారం పంచాంగం తెచ్చి చదవబోతుంటే కామేశ్వరమ్మ చెయ్యి చాపింది.

"ఇలా ఇయ్యి."

పట్టాభిరామయ్య స్కూలుకు బయల్దేరుతున్నవాడు గుమ్మంలో ఆగిపోయాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పేజీలు వెనక్కి తిప్పుకుంటూ భాద్రపదం దగ్గర ఆగింది. పుస్తకం కొంచెం దూరం జరిపింది, కొంచెం దగ్గరికి తెచ్చింది. సన్నటి అక్షరాల మీద వేలు మెల్లిగా కదిలింది.

"శుక్రవారం. వర్జ్యం పగలు పన్నెండు లగాయతు ఒకటిన్నర వరకు" అని కూడబలుక్కోకుండా చదివింది. "పన్నెండు కొట్టాకే మేం బందరులో కదిలాం శోభనాద్రీ."

శోభనాద్రి ఆవిడ కంటి వంకా పుస్తకం వంకా మార్చి మార్చి చూశాడు. "అచ్చు తప్పయి ఉంటుంది వదినా. ఈ పంచాంగాల వాళ్ళు ఈమధ్య చాలా తప్పులు వేస్తున్నారు" అన్నాడు.

కామేశ్వరమ్మ మళ్ళీ ఆ వరస మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరాన్నీ తీరుబడిగా చూసుకుంది.

"తప్పేం లేదు" అంది. "అచ్చు బాగానే కనిపిస్తోంది."